నీ జీపు మీటరు మైళ్ళది

నాయనా,

నీ సంవత్సరీకానికని, మొన్న నంద్యాలలో కొన్న పాత కారులో అమ్మను ఎక్కించుకుని ఈ పొద్దున ఆళ్ళగడ్డకు బయల్దేరాను. దారిలో చూస్తే కారు తెర మీద మైలేజీ నలభై రెండని ఉంది. ఇంత పెద్ద కారు అంతెట్లా ఇస్తుంది? మీటరు తిప్పి అంటగట్టాడు, మోసపోయాననుకుని, కారాపి, అమ్మినతనికి ఫోన్ చేశాను.

"ఏందప్పా, ఈ నలభై రెండు?"

"మైలేజీ అంటే మైళ్ళే కదన్నా! గ్యాలనుకు నలభై రెండు మైళ్ళు. కిలోమీటర్లకు మార్చుకో" అని నవ్వాడు.

నమ్మలేదు. నేనే లెక్క వేశాను. గ్యాలనంటే నాలుగున్నర లీటర్లు, మైలంటే కిలోమీటరున్నర పైచిలుకు. లీటరుకు పదిహేను కిలోమీటర్లే వచ్చింది.

అప్పుడు నీ జీపు గుర్తొచ్చింది. దాని మీటరు మీద కూడా ఇంగ్లీషులో మైళ్ళనే ఉండేది. చదివిందెవరు? లీటరుకు ఆరే వస్తోందని లెక్కగట్టి, మీటరు తీగ పీకి మిగతా పెట్రోలుతో నువ్వెక్కడికో తిరుగుతున్నావని, నువ్వు బతికినన్నాళ్ళూ అమ్మ నిన్ను అనుమానించింది. ఆరు మైళ్ళంటే దాదాపు పది కిలోమీటర్లు నాయనా. ఊళ్ళో అందరి జీపులూ ఇచ్చినంతే.

అమ్మకు చెప్పాను. తనూ వేళ్ళ మీద లెక్కేసుకుంది.

"సరే, పెట్రోలు లెక్క కుదిరింది. మరి శ్రీశైలం పోతాండా అని అన్నిసార్లు పోయినోడు, ఒక్కసారైనా ప్రసాదం తెచ్చినాడా మీ నాయన?"

ఈ లెక్క నువ్వే చెప్పాలి నాయనా.