లాఠీ తగలని కన్ను

బాపూ,

ఆ పేపరు ఫొటోలో నువ్వు నవ్వుతున్నావా, నొప్పికి మూతి అలా వంకర పోయిందా? నువ్వు పోయి పదేళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న మోస్తూనే ఉన్నాను. బాగున్నావా అని అడగను. ఇక్కడి సంగతులు చెబుతాను, విను.

నీ తమ్ముడికీ నీటికాసులు వచ్చాయి. అదే, గ్లకోమా అన్న నీ జబ్బే. తోడబుట్టినవాళ్ళకు వచ్చే అవకాశం ఎక్కువని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. పరీక్ష చేయించుకొమ్మని నువ్వూ పోరు పెట్టావు. చిన్నాయిన విన్నాడా? నీకైనట్టే ఎడమ కన్ను చప్పుడు లేకుండా ఆరిపోయింది. కుడి కంటికి పోయిన నెల హైదరాబాదులో ఆపరేషన్ అయింది. లోపలి నీరు బయటికి జారడానికి సన్నని దారి తీసి, పైరెప్ప చాటున చిన్న బుడిపె వదిలారు.

ఆయనకూ ఆ జబ్బే అని విన్నప్పుడు నాకు సంతోషమైంది బాపూ. నీ దగ్గర దాచను.

గుర్తుందా... జనగామ స్టేషన్ దగ్గర లాఠీఛార్జి జరిగిన రోజు నువ్వు ఇంట్లో మంచం మీద ఉన్నావు. ఇదే ఆపరేషన్ అయిన నీ కుడి కంటికి ప్లాస్టిక్ మూత, దాని మీద పట్టీ. వంగొద్దు, బరువులు ఎత్తొద్దు, దుమ్ములోకి పోవద్దు అన్నారు. తెల్లారి చిన్నాయిన జీపేసుకొని వచ్చాడు. తెలంగాణ దీక్ష టెంటుకు పెట్టిన నీ మైకుసెట్టు నువ్వు లేక గీపెడుతోందన్నాడు. తీసుకుపోయి మైకు దగ్గర కాదు, ముందు వరుసలో కూర్చోబెట్టాడు. మరునాడు పేపర్లో నీ ఫొటో. లాఠీ దెబ్బకు కన్ను పోగొట్టుకున్న ఉద్యమకారుడట!

మొదట నువ్వు ఫోన్లో పగలబడి నవ్వావు. "బిడ్డా, నన్ను కొట్టే పోలీసోడు ఇంక పుట్టలేదే! గిప్పుడు గీ పట్టీ సంగతి చెప్తె మీ చిన్నాయిన ఇజ్జత్ పోతది" అన్నావు.

ఆ ఇజ్జత్ కోసమే కదా... కంటి ఒత్తిడి చూసి కుట్లు వదులు చేస్తాం, రమ్మన్న రోజు దాటిపోయింది. సమ్మెలో బస్సులు బంద్ అయిన మాట నిజమే. చిన్నాయిన జీపు మాత్రం కొడకండ్ల దాకా తిరుగుతూనే ఉంది. నువ్వు కంటి దవాఖాన మెట్లెక్కితే గుట్టు బయటపడుతుందని ఆయన భయం.

నేనప్పుడు మహబూబాబాద్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఫోన్ చేసి అరిచాను. "జర ఆగే. రేపు పెద్ద లీడర్లు వస్తున్నరట. నేను లేకుంటె టెంటు బోసిపోతది" అన్నావు. అది నీ మాటేనా? పక్కన ఆయన కూర్చొని ఉన్నాడా?

కన్ను ఎర్రబడితే దుమ్మన్నారు. పుసి కడితే రోడ్డు మీద వంటావార్పు పొగన్నారు. రైళ్ళు లేక లారీ పట్టుకొని నేను వచ్చేసరికి... నీరు పోయే దారిలోంచే చీము లోపలికి దిగిందని డాక్టరమ్మ చెప్పింది. నీకు మిగిలిన ఒక్క చూపూ పోయింది. అక్కడా ఊరుకున్నావా? "పోతె పోయింది తియ్. తెలంగాణ వస్తె గుడ్డోనిక్కూడ కనవడ్తది" అన్నావు. నర్సు నవ్వింది. నేను నవ్వలేదు.

రాష్ట్రం వచ్చింది. చౌరస్తాలో పటాకులు కాలుస్తుంటే గడపలో కూర్చొని "గిప్పుడు లేసింది ఏం రంగే?" అని అడిగావు. ఆ తరువాత ఎక్కువ కాలం ఉండలేదు. చిన్నాయినకు పదవి వచ్చింది. ప్రతి ఆవిర్భావ దినానా మైకు పట్టుకొని, మా అన్న కన్నిచ్చాడని గొంతు వణికిస్తాడు. జనం చప్పట్లు కొడతారు.

ఇప్పుడు చిన్నమ్మ లేదు. కొడుకు భూపాలపల్లి బొగ్గు గనిలో, షిఫ్టులు వదిలి రాలేనన్నాడు. దవాఖానకు తోడు రమ్మని చిన్నాయిన నన్నడిగాడు. ఒప్పుకున్నాను. జాలితో అనుకున్నావా? చెయ్యి పట్టుకుంటే తప్ప నడవలేని మనిషి, నేను మాట్లాడుతుంటే లేచి పోలేడు కదా!

మొదటి పరీక్ష రోజు, హాలులో పక్కన కూర్చున్నావిడకు అంతా చెప్పాను. టెంటు, ఫొటో, లాఠీ తగలని కన్ను... గొంతు తగ్గించలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు మా వైపు తిరిగారు. చిన్నాయిన తల వంచుకున్నాడు. ఎంత హాయిగా ఉండిందో... నీ మైకుసెట్టు ఉంటే ఇంకా బాగుండుననిపించింది. అంతలో ఆయన కన్ను నులుముకోబోయాడు. చప్పున చెయ్యి పట్టుకొని ఆపాను. ఎందుకు ఆపానో నాకే తెలియదు.

తిరుగు రైల్లో ఒక్కటే అన్నాడు. నిన్ను దవాఖానకు తీసుకుపోదామని జీపు తెస్తే, టెంటు వదిలి రానని నువ్వే తిట్టి పంపావట. అబద్ధమే అయ్యుంటుంది. కానీ నిన్ను ఎరుగుదును కదా... తిట్టి ఉంటావనీ అనిపిస్తుంది. టెంటులో నీకు వేసిన ఆ దండలు, ఆ జేజేలు నీకు నచ్చాయా బాపూ? నచ్చితే మరి నేను ఎవరి మీద కక్ష తీర్చుకుంటున్నాను?

అయినా కోపం తగ్గలేదు. నువ్వు తిడితే మాత్రం? చిన్నపిల్లాడినైతే ఎత్తుకొని జీపులో వేసుకుపోడా?

మొన్న మళ్ళీ వెళ్ళాం. బుడిపె కింద మచ్చ గట్టిపడి నీరు ఆగుతోందని సూదితో విడదీశారు. ఆయన లోపల పడుకొని ఉండగా డాక్టరమ్మ నాకు చెప్పింది. ఈ కంటికి ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుందట. ఏళ్ళు గడిచాక అయినా సరే, ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు మసకబారినా అదే రోజు పరుగెత్తుకు రావాలట. ఇంట్లో చుక్కలు వేసుకుంటూ కూర్చుంటే కన్ను దక్కదట. ఆయన ఇప్పుడు వినే స్థితిలో లేడు, ఇంటికి పోయాక నెమ్మదిగా చెప్పమంది.

ఇంటి ముందు దిగుతూ, డాక్టరమ్మ ఏమందని చిన్నాయిన అడిగాడు. రేపు చెబుతానన్నాను.

ఆ రేపు కూడా గడిచింది. ఇవాళ పొద్దున వెళ్ళి చుక్కల మందు వేసి వచ్చాను. కన్ను తేటగానే ఉంది. ఆయన మళ్ళీ అడగలేదు. చెప్పాలో వద్దో నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ పెద్దబిడ్డ