ఖాళీ బిందెల రీలు

బాగేపల్లి,
14-5-2025.

నాయకులవారి కొలువులో కులాసాగా ఉన్న తమ్ముడు పురుషోత్తమ్‌కు అక్క వినుత ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. నీ క్షేమం నువ్వుండే చింతామణి ఊరి గోడల మీది ఫ్లెక్సులే చెబుతున్నాయి, అడగక్కర్లేదు. ఫోనులో నన్ను బ్లాక్ చేశావు కాబట్టి ఈ కాగితం.

నీ మొదటి వ్యంగ్యం నాకింకా గుర్తుంది. మన ఊళ్లో మూతపడిన తాగునీటి శుద్ధి ఘటకం ముందు నాయకుడు గంగాధరప్ప బొమ్మతో ఫ్లెక్సు కట్టి, ఆధునిక భగీరథునికి వందనాలని రాయించావు. పొగడ్త శ్రుతి మించితే తిట్టవుతుంది అక్కా, అన్నావు. ఎండిన కొళాయి పక్కనే కనిపించేలా ఫోను పట్టి వీడియో తీసింది నేనే. ఊరంతా పడీపడీ నవ్వింది. ఆ మహానుభావుడికి మాత్రం అది తిట్టని తెలియలేదు! కారు దిగి, తన బొమ్మకు తానే హారం వేయించుకుని, ఎవురప్పా ఇది కట్టించింది, భలే రాసినాడే, వాణ్ణి పిలవండప్పా అన్నాడు.

నువ్వు వెళ్లావు. అది ఎగతాళి అని ఒక్క మాట చెప్పి రావాల్సినవాడివి, శాలువా కప్పించుకుని, మైసూరు పేటా తలపాగా పెట్టించుకుని, పళ్లబుట్టతో ఫొటో దిగి వచ్చావు. ఆయనకంటే అర్థం కాలేదు సరే, నీకేమైందిరా? ఒక్క పేటాకే తల అంత వంగిపోవాలా?

ఇప్పుడు ఆయన మీడియా అంతా నువ్వేనట. మొన్నటి రీలు చూశాను. పంచాయితీ ముందుకు ఖాళీ బిందెలతో వచ్చిన ఆడవాళ్లను గంగాధరప్ప మనుషులు దూరం నుంచి వీడియో తీసి నీకు పంపారు. అందులో ముఖం కనపడకుండా ముందు నడిచే ఆవిడను నువ్వు అచ్చుగుద్దినట్టు దింపావు. చీర కట్టి, ముఖం మీదికి కొంగు లాక్కుని, చంకలో బిందెతో కుంటుతూ వచ్చి బోర్లా పడ్డావు. జనం నవ్వరేమోనని వెనక నవ్వుల సౌండు కూడా నువ్వే పెట్టుకున్నావు. థూ! కుర్చీలో ఉన్నవాణ్ణి చూసి జనం భయపడకుండా నవ్వేలా చేసేది వ్యంగ్యం. నీళ్లు లేనివాళ్ల కుంటితనం చూపించి నవ్వించడానికి తెలివి అక్కర్లేదు, సిగ్గు లేకపోతే చాలు.

దాని ఫలితం విను. ఈ రోజు ఒక్కరూ బిందె పట్టుకుని బయటికి రాలేదు. పిలవబోతే పక్కింటి అక్కయమ్మ, యాడికమ్మా వచ్చేది, నా మనవడే నా నడక చూసి నవ్వుతాండాడు అని తలుపు వేసుకుంది. సోమవారం తాలూకా అధికారి వస్తున్నాడు. ఆ రోజు మనుషులు కనబడకపోతే ఘటకం ఇక తెరవరు. ఆ రీలు తీసెయ్. తప్పయిందని నీ నోటితోనే ఫోను ముందు చెప్పు. చేతకాకపోతే నా తమ్ముడివని ఎక్కడా చెప్పుకోకు.

ఇట్లు,
నీ వీడియోలకు ఒకప్పుడు ఫోను పట్టిన
వినుత.

తా.క.: నువ్వు దింపిన నడక అమ్మది. ఉగాదికి నువ్వు వచ్చి వెళ్లాక ట్యాంకరు దగ్గర బురదలో జారి మోకాలు దెబ్బతింది. నీకు చెప్పవద్దంది, దిగులు పడతావట. నిన్న ఆ రీలు తనే అడిగి పెట్టించుకుని చూసింది. నవ్వలేదు, ఏడవలేదు. వానికి చెప్పొద్దంటే వినకుండా నా కాలు సంగతి ఎందుకు చెప్తివే అని అప్పట్నుంచీ నన్ను తిడుతోంది. తెలిసే తన నడక దింపావనుకుంటోంది. నేను చెప్పలేదని, నీకు తెలియనే తెలియదని ఆమెతో ఇంకా అనలేదు.