కొమ్ము గాజు

1943 జూన్ 7, సోమవారం

సర్కారు మందుల స్టోర్సు నుంచి మళ్ళీ అదే జవాబు. రబ్బరు రింగులు లేవు, యుద్ధం ముగిసేదాకా ఇండెంట్ పంపవద్దు. మలయా జపానువాళ్ళ చేతుల్లో ఉందట, ఉన్న రబ్బరు లారీ టైర్లకే చాలడం లేదట. కిందటి ఉత్తరంలోనూ ఇదే భూగోళ పాఠం.

గర్భసంచి జారిపోయిన ఆడదానికి లోపల పెట్టి నిలబెట్టే రింగు మూడంగుళాలు. దానికెంత రబ్బరు కావాలి? ఒక్క లారీ టైరు ఇస్తే ఈ తాలూకా ఆడవాళ్ళందరికీ సరిపెడతాను. కానీ టైరు కావలసినవాడు మగవాడు, గట్టిగా అడుగుతాడు. రింగు కావలసినది నా దగ్గరికొచ్చి, తలుపు వేశాక కూడా సంగతి చెప్పడానికి అరగంట తీసుకుంటుంది.

ఇవాళ ఓ.పి.లో అలాంటివాళ్ళు నలుగురు. నలుగురినీ పాతగుడ్డ బిగించుకోమని పంపాను. ఇందుకా నేను ఎల్.ఎం.పి. డాక్టరీ చదివింది!

జూన్ 8

ఆ నలుగురిలో కొర్లమ్మ మనసులోంచి పోవడం లేదు. పూడిమడక మనిషి. ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఇక్కడి సంతకి నడిచి వస్తుంది. ఏడు కాన్పులు, బతికింది ఇద్దరు. మగడు రెండేళ్ళ కిందట వేటకి వెళ్ళి సముద్రంలోనే పోయాడు. దారిలో నాలుగైదు చోట్ల బుట్ట దించి, చెరకు చాటుకి పోయి, జారినదాన్ని చేత్తో లోపలికి నెట్టుకుని మళ్ళీ బుట్ట ఎత్తుకుంటుందట. పుండు పడింది. రక్తం కారుతోంది.

ఆపరేషన్ అంటే వైజాగులో ఆరు వారాలు మంచం మీద ఉండాలి, ఆ తర్వాత బరువు ఎత్తకూడదు. ఆ మాట చెబితే నవ్వింది. బుట్ట ఎత్తకపోతే నా ఇద్దరు గుంటలకి గంజి ఎవులు పోత్తారమ్మా అని అడిగింది. కోపం ఎవరి మీద చూపాలో తెలియక ఆయా తలుపులమ్మ మీద అరిచాను.

రోజు విడిచి రోజు వచ్చి పుండుకి మందుగుడ్డ ప్యాకింగ్ పెట్టించుకోమన్నాను. రింగు సంగతి నేను చూస్తానన్నాను. ఎక్కడ చూస్తానో!

జూన్ 12, శనివారం

దొరికింది!

ఓ.పి.కి పేల దువ్వెనలు కావలసి బజారులో నాగూర్ మీరా కొట్టుకి వెళ్ళాను. గేదె కొమ్ముతో దువ్వెనలు, కత్తి పిడులు చేసే మనిషి. నేను వెళ్ళేసరికి పెద్ద కొమ్మొకటి అడ్డంగా కోస్తున్నాడు. లోపల బోలు. కోసిన ముక్క కింద పడి దొర్లుకుంటూ నా కాలి దగ్గరికి వచ్చింది. రింగు! మొదలు దగ్గర పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నది. అన్ని సైజులూ ఒక్క కొమ్ములోనే ఉన్నాయి. నేనేమో ఏడాదిగా స్టోర్సుకి ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను.

ఆరు కావాలన్నాను. దేనికమ్మా అన్నాడు. పరాయి మగవాడికి ఏమని చెప్పను? గాజు అనుకో, గాజులాగా నున్నగా చెయ్యి అన్నాను.

జూన్ 19

నాగూర్ మీరా ఆరూ తెచ్చాడు. చుట్టూ పువ్వులు, లతలు, ఒకదాని మీద చిలకల జంట! డాక్టరమ్మ చేతికి బోసి గాజు ఏటి బాగుంటాదని వారం రోజులు కూర్చుని నగిషీ చెక్కాడట. ఆ గీతలు లోపల ఒరుసుకుంటే కొత్త పుండు, గీతల్లో చీము. పైగా ఒక్కటీ గుండ్రంగా లేదు, మూడు మూలలు తేలి ఉన్నాయి. అదేమంటే గేదె అలాగే పెంచినాది, నానేటి సేసేదమ్మా అన్నాడు.

నగిషీ ఎవడు చెక్కమన్నాడని కేకలేశాను. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

జూన్ 21

నాగూర్ మీరా భార్య కరీమున్నీసా బురఖా వేసుకుని వచ్చింది, దెబ్బలాటకి. మా ఆయన కళ్ళు పోగొట్టుకుని సేత్తే బజారుకి ఇనబడేలా తిడతావా, అసలు దేనికో సెప్పు అంది. తలుపు వేసి చెప్పాను. తర్వాత ముసుగు తీసింది. తనకీ మూడేళ్ళుగా అదే బాధట. మగోడికి సెప్పలేకపోతే నాకు సెప్పకూడదేటమ్మా, వారం దండగైపోనాది కదా అంది.

నిజమే. నేను డాక్టర్ని. సిగ్గుపడి పేషెంట్లని చంపే డాక్టర్ని.

జూన్ 28

ఇప్పుడు కోయడం వరకే నాగూర్ మీరా పని. మిగతాది కరీమున్నీసా చేతుల్లో ఉంది. కోసిన ముక్కని కాగే నూనెలో మెత్తబరిచి, గుండ్రటి కర్ర దిమ్మకి తొడిగి బిగిస్తుంది. చల్లారేసరికి మూలలు పోతాయి. ఆకురాయి, ఇటికెపొడి, బూడిద, చివరికి నువ్వులనూనె రాసి అరచేత్తో రుద్దుడు. అయ్యాక తన పట్టు ఓణీని రింగు చుట్టూ లాగుతుంది. ఒక్క పోగు పట్టినా మళ్ళీ ఇటికెపొడి. నా వేలికి తెలియని గరుకు ఆ ఓణీకి తెలుస్తుంది. కాలేజీలో ఇలాంటి టెస్టు ఒక్కరూ చెప్పలేదు.

జూలై 1

మొదటి రింగుని స్టెరిలైజర్లో పది నిమిషాలు మరగబెట్టాను. తీసి చూస్తే వంకరపోయిన అప్పడం! వేడికి మెత్తబడుతుందనే కదా వంచింది. ఆ మాత్రం ఆలోచన లేదు నాకు. వారం కష్టం గంగపాలు.

మిగిలినవాటిని ఇక మరగబెట్టడం లేదు. లైసాల్ మందునీళ్ళలో నానబెట్టి, మరిగి చల్లారిన నీళ్ళతో కడగడం. మొదటి పేషెంట్ కరీమున్నీసాయే. తనే అడిగి పెట్టించుకుంది.

జూలై 10

కరీమున్నీసా తొమ్మిది రోజులుగా ఐదు పూటలా వంగి లేచి నమాజు చేస్తోంది. జారలేదు. పుండు లేదు.

జూలై 13, మంగళవారం

కొర్లమ్మ పుండు మానింది. కొలత చూశాను, ఆరో నంబరు రింగు. శనివారం సంతకి వచ్చినప్పుడు పెడతానన్నాను. కొర్లమ్మ బయటికి వెళుతుంటే తలుపులమ్మ వరండా చివరినుంచి కేకేసింది, కొర్లమ్మా, శనివారం నీకు డాక్టరమ్మ గాజు తొడుగుతాదంట అని. బెంచీల మీద ఇరవైమంది ఉన్నారు.

జూలై 17

రాలేదు.

జూలై 20

రాలేదు. గేదె కొమ్మంటే అసహ్యమా? భయమా? ఇంత చేస్తే ఇదా!

జూలై 24, శనివారం

ఉండబట్టక చేపల సంతకి నేనే వెళ్ళాను. కొర్లమ్మ నన్ను చూసి తల తిప్పుకుంది. పక్కకి లాక్కుపోయి నిలదీస్తే చెప్పింది.

వాళ్ళలో మగడు పోయిన ఆడది మళ్ళీ గాజు తొడిగించుకుందంటే మారుమనువు కుదిరినట్టే. మారుమనువు ఆడితే పిల్లలు మగడి వాళ్ళకి పోతారు. డాక్టరమ్మ కొర్లమ్మకి గాజు తొడుగుతుందన్న మాట తనకంటే ముందే పూడిమడక చేరింది. మరిది పరదేశి గుమ్మంలో కూర్చున్నాడట. గాజు ఏసుకున్న రోజు గుంటలు నా ఇంటికొత్తారు అన్నాడట. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా?

నాకు ఒళ్ళు మండింది. పరదేశి మీద, తలుపులమ్మ మీద. కానీ తలుపులమ్మకి ఆ మాట నేర్పింది ఎవరు? నేను. రింగు అనడానికి సిగ్గేసి గాజన్నది నేను.

పూడిమడక వచ్చి అది గాజు కాదని పెద్దలకి చెబుతానన్నాను. కొర్లమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గాజు కాకపోతే మరేటి, ఎక్కడెడతావు అని మగోళ్ళు అడుగుతారు, అది సెప్పేకన్నా సముద్రంలో పడతాను అంది. అలా అంటూ నా మణికట్టు చూసింది. అమ్మా, నీ సేతులూ నాలాగే బోడిగున్నాయి, నువ్వేసుకో గాజులు, నీకు మొగుడు రాకుండా గాజులుంటే నాదీ ఉట్టి గాజే అంటారు అంది.

తిట్టబోయాను. చేతులు కొంగులోకి లాక్కున్నాను.

జూలై 25

గాజంటే ఏమిటి? ఇసుక, సోడా కలిపి కరిగించినది. నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా.

పదకొండో ఏట మా మేనత్త పెరట్లో నా చేతులు రోటి మీద పెట్టించి గాజులు రాయితో పగలగొట్టింది. నన్ను పెళ్ళాడినాయన పోయాడన్నారు. ఆయన ముఖం గుర్తు లేదు. గాజుల రంగు గుర్తుంది, ఆకుపచ్చ. మా ఇళ్ళల్లో పోయిన గాజు మళ్ళీ రాదు. ఉద్యోగం ఇచ్చేటప్పుడు డిస్పెన్సరీ కమిటీవారు రాసుకున్నదేమిటి? గౌరవ కుటుంబపు వితంతువు, నడవడి మంచిది. చదువు సంగతి రెండో లైనులో రాశారు.

ఊరందరి మూఢత్వం మీదా విరుచుకుపడతాను. నా చేతి దగ్గరికి వచ్చేసరికి వెనకడుగు. ఛీ!

జూలై 27

ఇవాళ బజారుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

జూలై 29

కొర్లమ్మ దారిలో మునగపాక దగ్గర బుట్టతో సహా కూలబడిందట. కూడా వచ్చిన వాళ్ళు మోసుకొచ్చారు. పుండు పడినచోట ఎర్రగా కమిలి ఉంది. ఇంకో వారం ఇలాగే నడిస్తే మళ్ళీ మొదటికి వస్తుంది, ఈసారి మానుతుందన్న నమ్మకం లేదు. నా చేతులు చూసి కళ్ళు మూసుకుంది.

జూలై 31, శనివారం

పొద్దున్నే సంతకి వెళ్ళాను. చేపలమ్మే వాళ్ళ వరసకి ఎదురుగా గాజుల హాజిరాబీ చాప వేసుకుని కూర్చుంటుంది. చేతులు చాపాను. ముసలావిడ నా ముఖం చూసింది, చేతులు చూసింది, ఎవరికమ్మా అంది. నాకే, కానీ అన్నాను. కోపంగానే అన్నాను. చెయ్యికి నాలుగు. ఎముక దగ్గర నొప్పి పుట్టింది. చిన్నప్పటి చేతులు కావు కదా.

చేపల వరసలో బేరాలు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. పరదేశి కావిడి దించుతూ అక్కడే ఉన్నాడు. కొర్లమ్మ లేచి నిలబడింది. మరిదీ, డాక్టరమ్మ గాజులేసింది, మొగుడేడీ, సూపించు అని వరసంతా వినేలా అడిగింది. వాడు అటూ ఇటూ చూశాడు. నా వెనక కూడా చూశాడు! ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. పక్కన ఎవరో వాళ్ళ ఊరి పెద్దాయన, ఉట్టి గాజేరా, పన్చూసుకో అన్నాడు.

ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. చెయ్యి కదిలిస్తే చప్పుడు. ఇరవై రెండేళ్ళుగా లేని చప్పుడు. వినలేక కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆగస్టు 2

కమిటీ నుంచి మెమో. నా నడవడి గురించి సంజాయిషీ కావాలట. కాగితం కరువు రోజులు కదా, మెమో వెనకవైపు రింగుల సైజులు రాసుకున్నాను.

ఆగస్టు 3, మంగళవారం

కొర్లమ్మ వచ్చింది. బల్ల మీద పడుకుంది. చేతులు కడుక్కోవాలంటే గాజులు తీయాలి. సబ్బు రాసి, ఒక్కొక్కటీ నేనే తీసి ట్రేలో పెట్టాను. ఎనిమిది. ఒక్కటీ విరగలేదు.

ఆరో నంబరు పెట్టాను. లేచి నడవమన్నాను. దగ్గమన్నాను. నిలిచింది.

చేతులు తుడుచుకుని గాజులు తొడుక్కున్నాను. తర్వాతి మనిషిని పిలవమన్నాను.