వెన్నులో సూది రోజు

తోజర్, 9 అక్టోబరు 1991

ప్రియమైన దలెందాకు,

ఫొటో అందింది. నా నజ్లా నీ ఒళ్లో కూర్చుని నవ్వుతోంది. దానికి రక్తంలో క్యాన్సరని తెలిసిన రోజే నేను ట్యూనిస్ ఆసుపత్రికి బస్సెక్కాల్సింది. కానీ హాదీకి మూడు నెలలే, పాలు వదలడు. వార్డులోకి చంటిపిల్లల్ని రానివ్వరు. మీ అన్నయ్యకేమో ఖర్జూరం కోతలు. మేనత్తవు నువ్వు వెళ్లావు. ఆ మేలు మరిచిపోను.

ఒక్కటి అడుగుతాను. నేనల్లిన నీలం స్వెటరేది? దాని ఒంటిమీదున్న గౌను ఎవరిది? పోయిన ఉత్తరంలో 'మీ పిల్ల' అని రాశావు, ఈసారి 'మన పిల్ల' అన్నావు.

మీ వదిన,
మబ్రూకా


ట్యూనిస్, 25 అక్టోబరు

ప్రియమైన వదినా,

ఉన్ని గుచ్చుకుంటోందని ఏడిస్తే నా నూలు జాకెట్టు కత్తిరించి ఆ గౌను కుట్టాను. జుట్టంతా ఊడిపోయింది. "అమ్మకి చెప్పకత్తా, బెంగపడుతుంది" అంది. వారానికోసారి వెన్నులో సూది. అప్పుడు నా చెయ్యి వదలదు.

దాచడం నాకు చేతకాదు. మొన్న జ్వరంలో నన్ను "అమ్మా" అని పిలిచింది. నేను పలకలేదు వదినా. నీళ్లు మాత్రం తాగించాను.

నీ దలెందా


తోజర్, 12 నవంబరు

దలెందాకు,

ఆ ముక్క మీ అన్నయ్యకు చదివి వినిపించాను. "అందులో తప్పేముందే?" అని నవ్వాడు. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. కన్నది నేను, పిలుపు నీకు. పిల్లల్లేని లోటు నా బిడ్డతో తీర్చుకుంటున్నావేమో అనిపిస్తోంది. అనిపించిందే రాశాను.

హాదీకి మేకపాలు అలవాటు చేశాను, మీ అమ్మ చూసుకుంటుంది. వచ్చే వారం గురువారం వస్తున్నాను. తిరుగు బస్సుకి నువ్వు బయల్దేరు.

మబ్రూకా


ట్యూనిస్, 26 నవంబరు

నా దలెందాకు,

నువ్వు సంచి సర్దుకుని తోజర్ బస్సెక్కావు. తిట్టినా బాగుండేది.

నిన్న సూది రోజు. నేను పట్టుకుంటే నజ్లా గింజుకుంది, అరిచింది. ఇద్దరు నర్సులకూ లొంగలేదు. "అత్తేది?" అని ఒకటే గోల.

"నేను లేనూ? అమ్మని కదే!" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"నువ్వొద్దు. అత్తకి సూదంటే భయం. కళ్లు మూసేసుకుంటుంది. నేనే చెయ్యి పట్టుకుని 'అయిపోయిందత్తా, అయిపోయింది' అని చెప్పాలి. నువ్వుంటే నాకే ఏడుపొస్తుంది!"

నర్సు నవ్వింది. నేను బయటికొచ్చి గోడకానుకుని నిలబడ్డాను. మీ ఇద్దరిలో ఎవరు ఎవరికి ధైర్యం చెప్పారో ఇన్నాళ్లూ నాకు తెలియలేదు. పిల్లల్లేరని నీకు రాసిన మాట ఎలా వెనక్కి తీసుకోవాలో కూడా తెలియడం లేదు.

మొదటి విడత మందు పనిచేసిందన్నారు డాక్టరు. ఇంకా రెండేళ్లు వైద్యం ఉందట. నా ఒక్కదాని వల్ల కాదు. నీ వల్లా కాదు. హాదీని ఎత్తుకుని వచ్చెయ్యి. ఆసుపత్రి గేటు ఎదురుగా ఒక ముసలమ్మ గది ఇస్తానంది. ఒకరం లోపల, ఒకరం వాడి దగ్గర.

ఈర్ష్య పోయిందని అబద్ధమాడను. అయినా సోమవారం మళ్లీ సూది. లోపలికి నువ్వే వెళ్లు. కళ్లు మాత్రం తెరవకు.

నీ వదిన,
మబ్రూకా