పాటకి ముందు చెయ్యి

మస్కట్

అక్కకి, బావకి తమ్ముడు శ్రీను నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ పిల్లలూ క్షేమమే అనుకుంటాను గానీ, నీ విషయంలో అనుకోవడం ఒక్కటే నాకు చాలడం లేదు. ఈ కాగితం పక్కన పెట్టి, ఎడమ చేతి మీద డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా కుట్టిన చోట వేళ్ళు ఆనించి చూసుకో. ఝుమ్మంటోందా? ఝుమ్మంటేనే మిగతాది చదువు.

ఈ ఉత్తరం నా గదిలో ఉండే దాసు తెస్తాడు. సెలవు మీద ఇచ్ఛాపురం వస్తున్నాడు, కవిటి దాకా వచ్చి ఇచ్చి వెళ్తానన్నాడు. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో చెబితే బావ ఊఁ కొడతాడు, మర్నాటికి మర్చిపోతాడు. కాగితమైతే వ్యానులో అద్దం పైన దోపుకుంటాడు. నువ్వు చదువు, బావ వింటాడు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. బండి తలుపు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకని మధ్యాహ్నం షాపు మూసేసి, ఎండ తగ్గాక మళ్ళీ తెరుస్తున్నారు. పని అదే. వచ్చిన కార్లకి స్పీకర్లు, ఆంప్లిఫైయర్లు బిగించడం. ఎవరొచ్చినా ముందు అడిగేది ఎంత గట్టిగా మోగుతుందని. బాగా మోగుతుందా అని అడిగినవాణ్ణి నేనింకా చూడలేదు. గదిలో వంట వంతులవారీగా చేసుకుంటాం. దాసు చేసిన రోజు పప్పులో బెల్లం ఉంటుంది, నేను మాట్లాడకుండా తినేస్తాను. సెలవు రోజు మాత్రం పొద్దు గడవదు. మనుషుల మధ్యే ఉన్నా ఒంటరిగా ఉంటుంది. అందుకే శుక్రవారాలు మీకు ఫోను చేస్తాను.

పెళ్ళి నాటి శుక్రవారం కూడా అలాగే చేశాను. మీరు వ్యానులో టెక్కలి వెళ్తున్నారు. నీ గొంతు కంటే బావ స్పీకర్ల బాస్ దరువే ముందు వినబడింది.

"ఎలాగున్నావక్కా?" అన్నాను.

"నాకేటిరా, బాగానే ఉన్నాను. సెయ్యి ఇయ్యాల మహా జోరుగా ఝుమ్మంతంది. మీ బావ పాటకి తాళం ఏత్తన్నట్టుంది. మోకాలు కూడా ఝుమ్మంతందంటే నమ్ము!" అని నవ్వావు.

నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆగిపోయాను. ఫిస్టులాలో రక్తం పారే మోత చేతిలో ఉంటుంది, మోకాల్లో ఎందుకుంటుంది? బాస్ పెట్టె నీ సీటు కిందే ఉంది. అది అదిరితే సీటు అదురుతుంది, సీటు అదిరితే నువ్వు అదురుతావు. రోజూ షాపులో చేసే పనే అది, నాకు తెలియనిది కాదు.

బావకి ఫోను ఇమ్మన్నాను. పాట ఆపు, ఇంజను కూడా ఆపు అన్నాను.

"ఏటైంది బావా? రోడ్డు మజ్జినున్నాం," అన్నాడు.

"ముందు ఆపు బావా!"

ఆపాడు. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఇప్పుడు చూసుకో అక్కా అన్నాను.

"మోత ఏటీ నేదురా," అన్నావు. "ఊరికే ఉంది."

పొద్దున్న ఇంట్లో చూసుకున్నావా అంటే, "పొద్దున్నెక్కడ తీరింది? ఎప్పుడూ బండెక్కినాకే కదా సూసుకుంతాను. కూకునేది అక్కడే కదా," అన్నావు. నీ డయాలసిస్ ఆ రోజు కాదు, మర్నాడూ కాదు. పలాస వెళ్ళి, అక్కడ నర్సు చెయ్యి పట్టుకుని చూసేదాకా మీ ఇద్దరికీ తెలిసేదే కాదు. ఇంతమంది డయాలసిస్‌కి వెళ్ళే మన ఊళ్ళో ఇప్పుడు ఇద్దరు ఎదురుపడితే అన్నం తిన్నావా అన్నట్టే సెయ్యి మోగతందా అని అడుగుతున్నారు. నిన్ను ఎవరడిగినా ఆ రోజు మోగుతోందనే చెప్పేదానివి.

బావ పెళ్ళి మానేసి నేరుగా శ్రీకాకుళం తోలాడు. గడ్డ కట్టింది, తొందరగా వచ్చారు కాబట్టి తీయగలిగాం అన్నారు డాక్టరు. ఆ మాట నువ్వు ఫోనులో చెప్పాక నేను రోడ్డు మీదే కూర్చుండిపోయాను. అటుగా పోయేవాళ్ళు నీళ్ళిచ్చారు. ఈ సంగతి నీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

అది అయిపోయింది. ఇప్పటి సంగతి వేరు. పోయిన వారం నువ్వన్న మాటే నా బుర్రలో తిరుగుతోంది. "మీ బావ ఆ పెట్టి పీకీసి జీడితోటలో పాకలో పడీసినాడు. పాట నేదు, మాట నేదు. పాటుంటే ఊరికి ఎల్తన్నట్టుండేది. ఇప్పుడు డయాలసిస్‌కే ఎల్తన్నట్టుంది."

బావా, ఇక్కణ్ణించి నీకు. పెట్టె మళ్ళీ తెచ్చుకో. తప్పు పాటది కాదు. స్పీకరుకీ ఆంప్లిఫైయరుకీ జత కుదరలేదు, అంతే.

పెట్టె మీద వెయ్యి వాట్లని పెద్ద అక్షరాలతో రాసుంటుంది. ఆ అంకె బజారు కోసం. కింద ఆర్ఎంఎస్ అని చిన్నగా ఉంటుంది చూడు, స్పీకరు రోజంతా మోయగలిగేది అంతే. ఆంప్లిఫైయరు ఇచ్చేది దానికి దగ్గరగా ఉండాలి. రెండోది, స్పీకరు మీద రాసుండే ఓములు. ఓములు తగ్గేకొద్దీ ఆంప్ మీద బరువు పెరుగుతుంది. నేను పంపిన ఆంప్ బాస్ వైపు నాలుగు ఓములకి తక్కువైతే మోయలేదు. నువ్వు నాలుగు ఓముల బాస్ స్పీకర్లు రెండు తెచ్చి, ప్లస్సుకి ప్లస్సు, మైనస్సుకి మైనస్సు కలిపేశావు. రెండు ఓములైంది. పైగా గుంతల్లో అదురుతుందని ఆంప్‌ని కొబ్బరి పీచులో పొదిగావు. మనవాళ్ళం గాజు సీసా అయినా గుడ్డు అయినా పీచులోనే పెడతాం, నాకు తెలుసు. కానీ ఆంప్‌కి గాలాడాలి బావా! అది వేడెక్కి ఆగిపోతుంటే, బావమరిది డొక్కుది పంపినాడని ఊరంతా చెప్పావట. సరే, ఆ లెక్క వచ్చాక చూసుకుందాం.

పీచు తీసెయ్. బాస్ స్పీకరు ఒక్కటే ఉంచు. పెట్టెని అక్క సీటు కింద కాదు, వెనకాల తలుపు దగ్గర పెట్టు, కింద రబ్బరు వెయ్యి. తలుపుల్లో చిన్న స్పీకర్లకి బాస్ పోకుండా ఆంప్ మీద స్విచ్ ఉంది, అది వెయ్యి. నెగటివ్ వైరు బిగించిన చోట ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటుంది, గీకి మళ్ళీ బిగించు. ఆంప్ మీద గెయిన్ అని ఉన్న నాబ్ సౌండు పెంచుకునేది కాదు, దాన్ని ఊరికే తిప్పకు.

మరి ఎంతవరకు తిప్పాలి అంటావు. ఇక్కడ మేం మీటరు పెడతాం. నీకు మీటరు అక్కర్లేదు. కింద రాస్తాను.

అక్కా, బద్ద జీడిపప్పు కొంచెం, ఎండు నెత్తళ్ళు కొంచెం దాసు తిరిగొచ్చేటప్పుడు పంపు. నెత్తళ్ళు బాగా మూట కట్టు, పోయినసారి దాసు బట్టలన్నీ వాసనొచ్చాయని గొడవ. ఈసారి జీడి కాపు ఎలా ఉందో చెప్పు. నీళ్ళు కొలిచే తాగుతున్నావా? చిన్నమ్మకి, మావయ్యకి నా దండాలు. పిల్లల్ని ఫోను తక్కువ చూడమను. నా గురించి బెంగ వద్దు, నేను బాగానే తింటున్నాను, బాగానే ఉన్నాను. మీ ఇద్దరి దీవెన నా మీద ఉండాలి.

మీ తమ్ముడు,
శ్రీను

బావా, గెయిన్ సంగతి. బండి కదిలే ముందు అన్నీ ఆపి అక్క చెయ్యి పట్టుకో. అక్క చూసుకున్నా సరే, నువ్వూ చూడు. ఝుమ్మంటేనే పాట పెట్టు. పాట పెట్టాక అక్క తన మోకాలి మీద చెయ్యి వేసుకుంటుంది. గెయిన్ మెల్లగా తిప్పుకుంటూ పో. మోకాలికి అదురు తెలిసిందంటే, అది తెలియనంత దాకా వెనక్కి తిప్పెయ్. అక్కడితో ఆపు.