తొందరపడిన సాక్ష్యం

జూన్ 4, బుధవారం

మళ్ళీ తిరుపతి. తమ్ముడు ఏసుపాదం కౌన్సెలింగ్ మేడం గదిలో. నేను బయట బెంచీ మీద, ఒళ్ళో పాస్టరు బైబిలు. నిద్ర లేదు, తిండి లేదు, మగ్గం ముందు కూర్చుని చచ్చిపోతానన్న మాట ఒక్కటే... అలాంటివాడు లోపల ఆగకుండా మాట్లాడుతున్నాడు! నాతో రెండు ముక్కలు మాట్లాడడు.

మేడం — "మాత్రలు రాసే డాక్టరు వేరే సార్. చిత్తూరు పెద్దాసుపత్రిలో బుధవారాలు చూస్తారు. మందులు ఊరికే ఇస్తారు."

"అక్కడ మీలా కూర్చోబెట్టి మాట్లాడేవాళ్ళు?"

"ఆ పోస్టు ఖాళీ."

ప్రతివారం ఇక్కడికి రావాలంటే మేడం ఫీజుకే వాడి కూలి చాలదు.

జూన్ 11, బుధవారం

చిత్తూరు. మామిడికాయల లారీలు, ఆలస్యం. వరస గేటు దాటింది. ఒక్క డాక్టరు, తల ఎత్తే తీరిక లేదు. మాత్రల చీటీ ఇచ్చాడు. డబ్బున్నవాడి మనసుకేనా వినే చెవి? — గట్టిగానే అడిగాను.

వెనక నుంచి ఒక ముసలాయన, నా చేతిలో బైబిలు చూసి: "అయ్యగారూ, నీ వాక్యం అయిపోయినాక చెప్పబ్బా, మేము లోపలికి పోవాల."

పక్కకు జరిగి దారి ఇచ్చాను.

జూన్ 22, ఆదివారం

తమ్ముడు అన్నం అడిగి పెట్టించుకున్నాడట. ఆగలేకపోయాను. సభలో వాణ్ణి నిలబెట్టి సాక్ష్యం చెప్పాను — ప్రభువు ముట్టాడు, స్వస్థత అయిపోయింది! హల్లెలూయాలు. మాత్రల సంగతి నోటికి రాలేదు.

వాడు తల వంచుకునే ఉన్నాడు.

జూలై 2, బుధవారం

చిత్తూరు. డాక్టరు "ఎట్లుంది?" — తమ్ముడు "బాగుండాది సార్." అంతే. ఇంకో చీటీ.

జూలై 4, శుక్రవారం

మరదలు మార్తమ్మ ఫోను. "మళ్ళీ నిద్రపోడం లేదు బావా. మీరు సాక్ష్యం చెప్పిన కాడినుంచి మాత్రలు మానేసినాడు."

నగరికి, తమ్ముడి ఇంటికి పరుగెత్తాను. ఏందిరా ఇది?

"నువ్వే కదన్నా చెప్పినావు, బాగైపోయిందని. మాత్ర మింగితే నీ సాక్ష్యం అబద్ధం అయిపోతాది."

డాక్టరు ముందు "బాగుండాది" అన్నదీ నా కోసమే. మేడం అయితే ఇంకో ప్రశ్న అడిగేది.

జూలై 5

మేడంకు ఫోను. "మానిన సంగతి డాక్టరుకు చెప్పాల్సిందే సార్. ఆయన చెప్పినట్టే మళ్ళీ మొదలుపెట్టాలి. అప్పటిదాకా ఒంటరిగా వదలొద్దు."

బైబిల్లో చావు కోరుకుని చెట్టు కింద పడుకున్న ప్రవక్తకు దేవుడు ముందు నిద్ర ఇచ్చాడు, రొట్టె ఇచ్చాడు, నీళ్ళు ఇచ్చాడు. సాక్ష్యం అడగలేదు... ఎన్నిసార్లు ప్రసంగించానో ఈ భాగం.

జూలై 6, ఆదివారం

సభలో చెప్పాను. తొందరపడ్డాను, స్వస్థత ఇంకా కాలేదు, తమ్ముడికి మాత్రలు కావాలి.

సంఘపెద్ద — "అయితే ప్రార్థన పనిచేయలేదంటావా అయ్యగారూ?"

"చేస్తా ఉండాది. మాత్రతో కూడా చేస్తాది."

తమ్ముడు సగంలోనే లేచి వెళ్ళిపోయాడు. మార్తమ్మ వెనకే పరుగెత్తింది.

జూలై 9, బుధవారం

నగరి బస్టాండు. చిత్తూరు బస్సు కదలబోతోంది. నేను ఎక్కాను, మార్తమ్మ ఎక్కింది. తమ్ముడు తలుపు దగ్గర, ఒక కాలు మెట్టు మీద, ఒకటి నేల మీద.

"డాక్టరు రూములోకి నువ్వూ వస్తావా అన్నా?"

వస్తానన్నాను.

"వాక్యం చెప్పగాకు."

చెప్పనన్నాను.

"మరి... దావలో నేను చెప్పేది వింటావా?"

కండక్టరు ఈల వేశాడు. వాడి కాలు ఇంకా నేల మీదే.