రెండో గ్లాసు చాయ్

ఆదివారం రాత్రి, వికారాబాద్

ఈరోజు సుధాకర్ తాండూరు నుంచి రావలసింది. పెళ్ళి చేసుకుందామా అని పోయినసారి అడిగాడు. నా బిడ్డ శ్రావ్య వాళ్ళ నాన్న పోయిన ఇన్నేళ్ళకు ఆ మాట మళ్ళీ వింటాననుకోలేదు. ఈరోజు జవాబు చెప్పాలనుకున్నాను.

మధ్యాహ్నం వాన మొదలవగానే, ఆయన తెచ్చిచ్చిన చాయ్ ఆకు వేడినీళ్ళలో వేశాను. పొడి కాదు, విడి ఆకులు. అవి మెల్లగా విచ్చుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. పాలు పోయకుండా తాగడం ఆయనే నేర్పాడు. అంతలో ఆయన ఫోన్.

"వాగు పొంగింది, బస్సులు బందైనయ్. ఇయ్యాల రాలేను. చాయ్ తాగినవా?"

"ఇప్పుడే పెట్టిన. మీకు గూడ పోసిన," అన్నాను. ఫోన్‌లో వాన చప్పుడు అక్కడిదో ఇక్కడిదో తెలియలేదు.

ఫోన్ పెట్టేసరికి శ్రావ్య రెండో గ్లాసు చూస్తోంది. "గిది ఎవరికమ్మా?"

దాచలేక అంతా చెప్పేశాను. ఏమంటుందోనని ఇన్నాళ్ళూ భయపడ్డాను. నా బిడ్డ ఆ గ్లాసు తీసుకుని నా పక్కనే కూర్చుంది.

"జర చేదున్నది గానీ మంచిగున్నదమ్మా. గాయనను ఎప్పుడు రమ్మంటవ్?"

ఫోన్‌లోనే సరే అనేయొచ్చు. కానీ ఆ మాట వింటున్నప్పుడు ఆయన మొహం చూడాలని ఉంది. వాన ఇంకా తగ్గలేదు. వాగు తగ్గితే చాలు, నేనే తాండూరు బస్సెక్కుతాను.